ఎడారి ఎక్కే సైకిల్‌కి ఊపిరే ఇంధనం

*మనాలీ నుంచి లేహ్ దాకా సైకిల్ తొక్కాలన్నది ఇప్పుడు ఎంతోమంది తెలుగు కుర్రకారు కల. కాళ్లలో సత్తువ ఉంటే చాలనుకుని బయల్దేరినవాళ్లలో కొందరు సగం దారిలోనే వ్యాను ఎక్కి వెనక్కి వస్తున్నారు. ఆ దారి మనిషిని ఏమడుగుతుందో, ఇంటి దగ్గర ఉండగానే ఏమేం తేల్చుకోవాలో చెప్పే కథనమిది.*

ఉదయం ఎనిమిది. మనాలీ-లేహ్ దారిలోని గాటా లూప్స్, మొదటి మలుపు. తలెత్తి చూస్తే కొండ మీద రోడ్డు మడతలు మడతలుగా పైకి పోతోంది. మొత్తం 21 మలుపులు. చెట్టన్నది లేదు, గడ్డిపరక కోసం కూడా వెతుక్కోవాలి. ఎండ మెడ మీద చురుక్కుమంటోంది, నీడలోకి చేయి పెడితే మాత్రం వేళ్లు కొంకర్లు పోతున్నాయి. అన్నిటికన్నా చిన్న గేరు వేసుకుని ఒక కుర్రాడు తొక్కుతున్నాడు. పట్టుమని నిమిషం తొక్కుతాడు, ఆగి హ్యాండిల్ మీదికి వాలి ఊపిరి తీసుకుంటాడు, మళ్లీ తొక్కుతాడు. దారిలో ఒకచోట రోడ్డు పక్కన చిన్న రాతిగూడు. దాని చుట్టూ నీళ్ల సీసాలు గుట్టగా పడి ఉన్నాయి. కుర్రాడు దిగి, ఫ్రేముకు తగిలించిన సీసా తీసి, రాయి మీద నాలుగు చుక్కలు పోసి దణ్ణం పెట్టుకున్నాడు.

ఈ గూటి గురించి లారీ డ్రైవర్లు ఒక కథ చెబుతారు. ఏళ్ల కిందట, చలికాలానికి దారి మూసేసే రోజుల్లో ఇక్కడ ఓ లారీ చెడిపోయిందట. క్లీనర్‌కి ఒంట్లో బాగాలేదు. అతణ్ని బండిలోనే ఉంచి డ్రైవర్ సాయం కోసం నడుచుకుంటూ వెళ్లాడు. ఇంతలో మంచు పడి దారి మూసుకుపోయింది. డ్రైవర్ తిరిగొచ్చేసరికి చలికీ దాహానికీ క్లీనర్ ప్రాణం పోయింది. అప్పట్నుంచీ దారిన పోయేవాళ్లని అతను నీళ్లడుగుతాడని నమ్మకం. అందుకే ఈ సీసాలు. ఇందులో నిజమెంతో ఎవరూ తేల్చలేరు. చెడిపోయిన బండి, ఒంట్లో బాగాలేని మనిషి, సమయానికి అందని సాయం, చెప్పకుండా వచ్చిన మంచు... ఇవి మాత్రం ఈ దారిలో ఇవాళ్టికీ జరిగేవే. సైకిల్ మీద లేహ్ వెళ్లాలనుకునేవాళ్లు బయల్దేరకముందే ఈ నాలుగింటికీ జవాబు సిద్ధం చేసుకోవాలి.

మోజు ఎక్కడ మొదలైంది?

పదిహేనేళ్ల కిందట మన ఊళ్లలో గేర్ల సైకిల్ తొక్కే పెద్దవాళ్లని వింతగా చూసేవారు. ఇప్పుడు ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్, విశాఖ, విజయవాడ రోడ్ల మీద హెల్మెట్లు పెట్టుకుని గుంపులుగా కనిపిస్తున్నారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న మొదలైంది. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లను 40 గంటల్లో పూర్తిచేసే బ్రెవే రైడ్లకు మనవాళ్లు ఉత్సాహంగా వెళ్తున్నారు. అవి గట్టెక్కినవారి కళ్లు సహజంగానే లదాఖ్ వైపు తిరుగుతాయి.

దారి కూడా మునుపటిలా లేదు. 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం 2020 అక్టోబర్ 3న తెరుచుకుని మనాలీ-లేహ్ దూరాన్ని 46 కిలోమీటర్లు తగ్గించింది. దానికి తోడు నున్నటి రోడ్డు మీద సైకిళ్లు, వెనక మంచుకొండలు కనిపించే రీల్స్. దారిలోని బారలాచా కనుమ, సర్చూ మైదానాలు కలిసిన హిమాచల్ శీతల ఎడారి ప్రాంతానికి 2025 సెప్టెంబర్‌లో యునెస్కో జీవావరణ గుర్తింపు వచ్చాక ఆ పేర్లు ఇంకా ఎక్కువగా వినపడుతున్నాయి. ఆ రీల్స్‌లో కనపడనిది ఒక్కటే, గాలి.

వాన మొహం చూడని నేల

ఎడారి అనగానే మనకు ఇసుకే గుర్తొస్తుంది. ఇది చలి ఎడారి. నైరుతి మేఘాలు హిమాలయాల దక్షిణపు వాలు మీదే కురిసి ఖాళీ అవుతాయి, కొండకి అవతల చుక్క రాలడమే గగనం. లేహ్‌లో ఏడాది మొత్తానికి పడేది సుమారు 100 మిల్లీమీటర్లు. మనం కరవుసీమ అని చెప్పుకునే అనంతపురంలోనే 500 మిల్లీమీటర్ల పైచిలుకు పడుతుంది. వాన లేదు కాబట్టి చెట్టు లేదు, చెట్టు లేదు కాబట్టి నీడ లేదు. గాలిలో తడి లేక చెమట పట్టినట్టే తెలియదు, పెదాలు పగిలి నెత్తురొచ్చాక గానీ ఒళ్లు ఎంత ఎండిందో అర్థం కాదు. ప్రతి వెయ్యి మీటర్లకీ అతినీలలోహిత కిరణాల తీవ్రత పది శాతం దాకా పెరుగుతుంది. మధ్యాహ్నం చేతులు కమిలిపోయిన చోటే రాత్రికి సీసాలో నీళ్లు గడ్డకడతాయి.

అలాంటి దారిలో మనుషులుండే ఊళ్లు ఎంత తక్కువో తెలియాలంటే తాండి గుర్తుచేసుకోవాలి. చంద్ర, భాగ నదులు కలిసేది అక్కడే. ఆ ఊరి పెట్రోల్ బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని రాసిన బోర్డు ఏళ్ల తరబడి ప్రయాణికుల ఫొటోలకు నెలవు. సైకిల్‌కి పెట్రోల్ అక్కర్లేదు, కానీ బంకు లేనిచోట ఆసుపత్రీ ఉండదు, సైకిల్ షాపూ ఉండదు.

---

దారిలో కనుమలు (సముద్రమట్టం నుంచి, సుమారుగా)

మనాలీ ఊరు: 2,050 మీటర్లు
రోహతాంగ్: 3,978 మీటర్లు
బారలాచా లా: 4,850 మీటర్లు
నకీ లా: 4,740 మీటర్లు
లాచులుంగ్ లా: 5,060 మీటర్లు
తంగ్లంగ్ లా: 5,328 మీటర్లు
లేహ్ ఊరు: 3,500 మీటర్లు

లేహ్ దాటి 40 కిలోమీటర్లు ఎక్కితే ఖార్‌దుంగ్ లా. అక్కడి బోర్డు చాలాకాలం 18,380 అడుగులని చెప్పింది. కొలిచి చూస్తే 5,359 మీటర్లు, అంటే 17,582 అడుగులే.

---

బలవంతులే ముందు పడతారు

తెలుగు రాష్ట్రాల్లో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరాల్లో ఒకటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అర్మకొండ, సుమారు 1,680 మీటర్లు. మనాలీ బజారే దానికన్నా ఎత్తు. అంటే అరకు ఘాట్‌లో, హార్స్‌లీ హిల్స్ మీద, అనంతగిరి కొండల్లో ఎంత సాధన చేసినా తొడలు గట్టిపడతాయి గానీ పలచటి గాలి అలవాటు కాదు. లేహ్‌లో గాలి పీడనం మన తీరంలో ఉన్నదాంట్లో మూడింట రెండొంతులు. తంగ్లంగ్ లా మీద సుమారు సగం. ఊపిరి తీసిన ప్రతిసారీ సగం ఆక్సిజనే లోపలికి పోతుందన్నమాట.

దీనికి శరీరం మెల్లగా సర్దుకుంటుంది. మొదట ఊపిరి వేగం పెరుగుతుంది. కొన్ని రోజుల్లో మూత్రపిండాలు రక్తంలోని ఆమ్ల-క్షారాల తూకాన్ని సరిచేస్తాయి. ఎర్రరక్తకణాలు పెరగాలంటే వారాలు పడుతుంది. సాధనతో ఈ పనిని తొందరపెట్టలేం. పైగా బాగా తొక్కగలిగినవాళ్లకే ముప్పు ఎక్కువ. బలహీనుడు రోజుకు 40 కిలోమీటర్లతో ఆగిపోతాడు. బలవంతుడు అదే రోజు 90 తొక్కి, ఒళ్లు సిద్ధం కాని ఎత్తులో పడుకుంటాడు.

అందుకే వైద్యులు రాత్రి పడకని లెక్కలోకి తీసుకుంటారు. 3,000 మీటర్లు దాటాక ఇవాళ పడుకున్న ఎత్తుకీ రేపు పడుకోబోయే ఎత్తుకీ తేడా 500 మీటర్లు మించకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒకరోజు పూర్తిగా ఆగాలి. పగలు ఎంత ఎత్తైనా ఎక్కి దిగొచ్చు. తలనొప్పి, వికారం, ఆకలి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం మొదటి హెచ్చరికలు. అప్పుడు ఇంకా పైకి వెళ్లకూడదు. ఒక పాదం వేళ్లకి రెండో పాదం మడమ తగిలిస్తూ గీత మీద నడవమన్నప్పుడు తూలుతున్నాడంటే మెదడులో వాపు మొదలైనట్టు. ఊరికే కూర్చున్నా ఆయాసం, దగ్గితే గులాబీరంగు నురగ వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. ఈ రెండింటికీ ఒకటే దారి, ఆ క్షణమే కిందికి దించేయడం. తెల్లవారేదాకా చూద్దామంటే ప్రాణాలు పోతాయి. అసిటజోలమైడ్ మాత్ర శరీరం సర్దుకోవడానికి సాయం చేస్తుంది, డాక్టర్ చెబితేనే వాడాలి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఈ ఎత్తులో తొలిసారి పడుకున్నవారిని భయపెట్టేది ఇంకొకటుంది. అర్ధరాత్రి గుడారంలో పక్కవాడి ఊపిరి వినపడుతుంటుంది. గబగబా నాలుగైదుసార్లు తీసుకుంటాడు. తర్వాత నిశ్శబ్దం. అయిదు సెకన్లు, పది సెకన్లు. లేపుదామని చేయి చాచేలోగా పెద్ద నిట్టూర్పుతో మళ్లీ మొదలవుతుంది. కొత్త ఎత్తులో చాలామందికి ఇలాగే అవుతుంది, అదొక్కటే అయితే ప్రమాదమేమీ కాదు. ముందే తెలిస్తే ఇద్దరూ నిద్రపోతారు.

సర్చూ ఉచ్చు

మ్యాపు మీద చూస్తే సర్చూ చక్కటి మజిలీ. 4,290 మీటర్ల ఎత్తున నది ఒడ్డున చదునైన నేల, వరసగా గుడారాలు. చిక్కల్లా అక్కణ్నుంచి బయటపడటంలో ఉంది. ఒంట్లో బాగాలేక వెనక్కి దిగాలంటే 4,850 మీటర్ల బారలాచా ఎక్కాలి. ముందుకు పోదామంటే 5,060 మీటర్ల లాచులుంగ్ లా. ఆ తర్వాతి మజిలీ పాంగ్ కూడా అంతే. 4,600 మీటర్లలో ఉన్న పాంగ్ నుంచి ఎటు కదిలినా ముందు ఇంకా పైకి ఎక్కాల్సిందే. ఆదుకునేది అక్కడి సైనిక శిబిరంలోని వైద్యులు, వాళ్ల దగ్గరుండే ఆక్సిజన్.

కాబట్టి శరీరాన్ని సిద్ధం చేసుకోవాల్సింది సర్చూకి ముందే. ఇక్కడే రోహతాంగ్ విలువ తెలుస్తుంది. దాని కింద నుంచి అటల్ సొరంగం వచ్చాక వాహనాల్లో ఎక్కువ భాగం అటే పోతున్నాయి, పాత ఘాట్ రోడ్డు ప్రశాంతంగా మారింది. మనాలీ నుంచి 51 కిలోమీటర్లలో దాదాపు 1,900 మీటర్లు ఎక్కి, అవతల లాహౌల్ లోయలోకి దిగి పడుకుంటే అంతకన్నా మంచి సన్నాహం లేదు. దాన్ని రెండు రోజులు చేసుకుని, మధ్యలో మఢీ దగ్గర ఆగితే ఇంకా మేలు. తర్వాత కేలాంగ్, జిస్పా. 3,200 మీటర్లలో ఉన్న జిస్పాలో ఒకరోజు సైకిల్ ముట్టుకోకుండా ఉండాలి. ఆపైన పత్సేవ్ లేదా జింగ్‌జింగ్‌బార్, సర్చూ, విస్కీ నాలా లేదా పాంగ్, డెబ్రింగ్, రుమ్‌త్సే, ఉప్శీ మీదుగా లేహ్. జిస్పా దాటాక 500 మీటర్ల సూత్రాన్ని అక్షరాలా పాటించడం కష్టం, ఆగడానికి చోట్లే అంతంతమాత్రం. అందుకే కింద గడిపిన రోజులే పైన కాపాడతాయి. మోటారు సైకిళ్ల మీద రెండు రోజుల్లో వెళ్లే దారికి సైకిల్ మీద తొమ్మిది పది రోజులు, వాటికి పైన రెండు మూడు రోజులు వాతావరణం కోసం. అంతకన్నా తక్కువ సెలవు దొరికితే నన్నడిగితే ఆ ఏడాది వెళ్లకపోవడమే మంచిది.

మధ్యాహ్నం దాటితే వాగు మాట వినదు

చలికాలంలో మూసుకుపోయే ఈ దారిని సరిహద్దు రహదారుల సంస్థ వేసవిలో మంచు తొలిచి తెరుస్తుంది. మంచు ఎంత పడిందన్నదాన్ని బట్టి ఆ తేదీ ఏటా మారుతుంది. జూన్‌లో కనుమల మీద ఇంకా మంచుగోడలుంటాయి, కరిగిన నీరు రోడ్డు మీదే పారుతుంది. జులై, ఆగస్టుల్లో మనాలీ వైపు వానలు, కొండచరియలు. 2023 జులైలో బియాస్ పొంగి మనాలీ రోడ్డునే ఊడ్చుకుపోయింది. వాన పడని చోటని లేహ్‌నీ నమ్మలేం, 2010 ఆగస్టులో అక్కడ కుంభవృష్టి కురిసి 200 మందికి పైగా చనిపోయారు. వీటి మధ్య ఆగస్టు చివరి నుంచి సెప్టెంబర్ మూడోవారం దాకా ఉన్న రోజులు సైకిల్‌కి బాగా కలిసొస్తాయి. చలి పెరుగుతుంది గానీ ఆకాశం తేటగా ఉంటుంది, వాగులు తగ్గుతాయి.

వాగుల సంగతి విడిగా చెప్పాలి. జింగ్‌జింగ్‌బార్ లాంటి చోట్ల మంచు కరిగిన నీరు రోడ్డుకి అడ్డంగా పారుతుంది. రాత్రి చలికి కరగడం ఆగిపోతుంది కాబట్టి ఉదయం పాదాలు తడిసేంతే ఉంటుంది. ఎండ ముదిరాక అదే వాగు మోకాళ్ల దాకా వచ్చి రాళ్లని దొర్లిస్తుంది. గాలీ అంతే. పాంగ్ పైన దాదాపు 40 కిలోమీటర్లు బల్లపరుపుగా సాగే మోరే మైదానంలో మధ్యాహ్నం ఎదురుగాలి లేస్తే, చదునైన రోడ్డు మీద కూడా కొండెక్కే గేరు వేయాల్సిందే. తెల్లవారకముందే లేచి, ఒంటిగంటకల్లా ఆ రోజు ప్రయాణం ముగించేలా మజిలీలు వేసుకోవాలి.

సైకిల్ ఎలాంటిది?

ఖరీదు గురించి బెంగ వద్దు. చూడాల్సింది చిన్న గేరు. వెనక అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం ముందున్న చిన్నదానితో సమానంగానో, అంతకన్నా పెద్దదిగానో ఉండాలి. సామాన్లతో గంటకు అయిదారు కిలోమీటర్ల వేగంతో పడిపోకుండా తొక్కగలిగే సైకిలే ఇక్కడ పనికొస్తుంది. రేసు సైకిళ్ల సన్నటి టైర్లు వద్దు, 38 మిల్లీమీటర్లు, అంతకన్నా వెడల్పువి కావాలి. తారు నున్నగా ఉన్నచోట బాగానే ఉంటుంది, చరియలు పడినచోట పిడికిలంతేసి రాళ్ల మీద కిలోమీటర్ల కొద్దీ నడవాలి. దిగుడులో బ్రేక్ ప్యాడ్లు చూస్తుండగానే అరిగిపోతాయి. కొత్తవి వేసుకుని వెళ్లి, ఇంకో జత సంచిలో పెట్టుకోవాలి. పంక్చర్ వేయడం, తెగిన చైన్ అతకడం, విరిగిన స్పోక్ మార్చడం ఇంటి దగ్గరే నేర్చుకోవాలి. యూట్యూబ్ చూసి చేద్దామంటే అక్కడ సిగ్నల్ దొరక్కపోవచ్చు.

ఎక్కేటప్పుడు చెమట, దిగేటప్పుడు గడ్డకట్టించే గాలి. కనుమ మీదికి చేరగానే ఫొటోకన్నా ముందు తడి బనీను మార్చుకోవాలి. చొక్కా లోపల ఛాతీకి అడ్డంగా పాత దినపత్రిక మడిచి పెట్టుకునే సైకిల్ వాళ్ల పాత చిట్కా ఇక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

---

సంచిలో తప్పకుండా...

• వేలితొడుగులు రెండు జతలు, గాలి చొరబడని జాకెట్, ఉన్ని టోపీ
• నాలుగు లీటర్ల నీళ్లు పట్టే సీసాలు, నీటిని శుద్ధిచేసే ఫిల్టర్ లేదా మాత్రలు
• ట్యూబులు, ప్యాచీలు, పంపు, చైన్ లింకులు, స్పోకులు, డిరైలర్ హ్యాంగర్, బ్రేక్ ప్యాడ్లు
• వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే చిన్న మీటర్, ఓఆర్‌ఎస్, నొప్పి మాత్రలు
• పోస్ట్‌పెయిడ్ సిమ్. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లదాఖ్‌లో పనిచేయవు
• నగదు. గుడారాల డాబాల్లో ఫోన్ చెల్లింపుల్ని నమ్ముకోవద్దు

---

గుడారంలో వేడి అన్నం

ఈ దారి సైకిల్‌కి సాధ్యమైందంటే అది డాబాల పుణ్యమే. వేసవి నాలుగు నెలలూ పారాచూట్ గుడ్డతో వేసిన గుడారాల్లో లాహౌలీ, లదాఖీ కుటుంబాలు వండిపెడతాయి. మధ్యలో పొయ్యి, చుట్టూ గోడ వెంబడి పరుపులు, మడిచిన రజాయిలు. తిన్నచోటే పడుకోవచ్చు. గుడారం తెర ఎత్తగానే ‘జూలే’ అని పలకరింపు వస్తుంది. పాంగ్ ఎత్తులో నీళ్లు 85 డిగ్రీలకే మరుగుతాయి, అందుకే అన్నం, రాజ్మా కుక్కర్‌లోనే ఉడకాలి. తుక్పా, ఆమ్లెట్, మ్యాగీ ఎప్పుడూ దొరుకుతాయి. ఈ ఎత్తులో ఆకలి వేయదు, వేయకపోయినా తినాలి. గుడారాన్ని నడిపే పెద్దామె కంచం వంక చూసి ఇంకాస్త వడ్డిస్తుంటే వద్దనకండి, ఎవరికి ఒంట్లో బాగాలేదో మొహం చూసి చెప్పే అనుభవం ఆవిడది.

మరి కొందరి ఫొటోలు ఎవరూ పెట్టరు. జార్ఖండ్, బిహార్, నేపాల్ నుంచి వచ్చి, ఈ ఎత్తులో తారు మరిగించి, రాళ్లు పగలగొట్టి రోడ్డు వేసే కూలీలు. సరిహద్దు రహదారుల సంస్థ 1985లో మొదలుపెట్టిన హిమాంక్ ప్రాజెక్టు కింద ఉన్న లదాఖ్ రోడ్లన్నీ వీళ్ల చేతుల మీదుగా నడుస్తున్నవే. మనం సగం గాలితో గంట తొక్కి ఆయాసపడే చోట వీళ్లు రోజంతా పార పడతారు. కారు అద్దాలు దించకుండా పోయేవాళ్లే ఎక్కువ. సైకిల్ వేగంలో మాత్రం మొహాలు కనపడతాయి, మాట కలుస్తుంది. ఆగి పలకరించండి. మీ దగ్గరున్న బిస్కెట్ ప్యాకెట్, చలికి రాసుకునే క్రీము వాళ్లకి మీకన్నా ఎక్కువ అవసరం.

ఈ దారిని నడిపించే మనుషుల మీద మనం మోపుతున్న బరువు చెత్త. నీళ్ల సీసాలు కొంటూ పోతే ఆ ప్లాస్టిక్‌ని తీసుకెళ్లే బండి ఉండదు, అది మట్టిలో కలవదు. మోరే మైదానం పక్కనే త్సో కర్ సరస్సు ఉంది, అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా 2020లో గుర్తింపు పొందింది. నల్లమెడ కొంగలు గూళ్లు పెట్టేదీ, చాంగ్‌పా కాపరులు పశ్మీనా మేకల్ని మేపేదీ ఆ చుట్టుపక్కలే. తెచ్చుకున్న ప్రతి కవరూ లేహ్ దాకా సంచిలోనే మోయాలి.

అమ్మకి ముందే చెప్పండి

జిస్పా దాటాక ఉప్శీ దరిదాపులకు వచ్చేదాకా ఫోన్ పనిచేస్తుందని నమ్మకం లేదు. అంటే నాలుగైదు రోజులు మౌనం తప్పకపోవచ్చు. ఇంట్లోవాళ్లకి ఆ సంగతి చెప్పకుండా వెళ్తే, రెండో రోజుకే వాళ్లకి అన్నం సహించదు. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో కాగితం మీద రాసివ్వండి. ఫలానా తేదీ దాకా ఫోన్ రాకపోయినా కంగారుపడొద్దని, ఆ తేదీ దాటితే ఎవరిని సంప్రదించాలో కూడా రాయండి. అలాంటి కాగితమే ఇంకొకటి, సైకిల్ మీద మీ వెంట ఉండే స్నేహితుడి దగ్గరా ఉండాలి. ఒంటరిగా వెళ్లొచ్చా అని అడిగేవారికి నా సమాధానం వద్దనే. తూలుతున్న మనిషికి తను తూలుతున్నట్టు తెలియదు.

గుండెజబ్బు, ఊపిరితిత్తుల సమస్య, అదుపులో లేని బీపీ ఉన్నవారు డాక్టర్ సలహా లేకుండా ఈ ఆలోచనే పెట్టుకోవద్దు. ఎత్తులో ఇదే తొలిసారైతే శ్రీనగర్-లేహ్ దారి ఎంచుకోండి. 420 కిలోమీటర్ల ఆ దారిలో అన్నిటికన్నా ఎత్తు ఫోతూ లా, 4,108 మీటర్లు. ద్రాస్, కార్గిల్, ముల్బెక్, లామాయురు అంటూ ఊళ్లు తగులుతాయి, ఒంట్లో బాగాలేకపోతే దిగడానికి దారుంటుంది. అది పూర్తిచేసిన ఒంటికి మరో ఏడాది మనాలీ దారి తేలికవుతుంది.

ప్లాన్ వేసుకుంటున్నవారికి చివరగా ఒక విన్నపం. వెళ్లే టికెట్ ఎప్పుడైనా కొనండి, తిరుగు టికెట్ మాత్రం తేదీ మార్చుకునే వీలున్నదే తీసుకోండి. విమానం తప్పిపోతుందన్న తొందరలో ఒక మజిలీ ఎగ్గొట్టినవాళ్లు ఈ దారిలో ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఎక్కువ.